నిరాశకు తేదీ వెయ్యి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘స్టార్ వార్స్ అవుట్‌లాస్’ అనే వీడియో గేమ్ గురించి ప్లేయర్లు ఏమంటున్నారో రాస్తానని మొదటి వాక్యంలోనే మాటిచ్చావు. భాష బాగుంది, కోపం కూడా బాగుంది. అయితే సగానికి వచ్చేసరికి నాకు ఒక అనుమానం పట్టుకుంది. ఇందులో ప్లేయర్ ఎక్కడ? ‘అభిమానులు పెదవి విరిచారు’, ‘అంచనాలను అందుకోలేకపోయింది’, ‘తీవ్ర నిరాశ మిగిల్చింది’ అంటూ పోయావు. ఈ మాటలు శుక్రవారం విడుదలైన ఏ సినిమాకి అతికించినా అతుక్కుంటాయి. ఒక గేమ్‌కి మాత్రమే అతుక్కునే వాక్యం రాయడం కష్టం. నీ చేత ఆ కష్టం చేయించాలనే ఈ ఉత్తరం.

సినిమా చూసినవాడు చూశాడు, అంతే. గేమ్ ఆడినవాడు ఏదో ఒకటి చేశాడు. గోడెక్కాడు, దాక్కున్నాడు, కాల్చాడు, చచ్చాడు, మళ్లీ మొదలుపెట్టాడు. వాడి నిరాశ ఎక్కడో ఒక నిర్దిష్టమైన చోట, ఒక బటన్ నొక్కిన క్షణంలో పుడుతుంది. ఆ చోటు చెప్పకుండా ‘నిరాశ’ అని మాత్రమే రాస్తే పాఠకుడికి నువ్విచ్చింది ఏమీ లేదు.

నీ వ్యాసంలో ప్రాణమున్న పేరా ఒక్కటే ఉంది, డాలస్‌లో ఉన్న మీ బావ గురించి రాసింది. దొంగతనానికి వెళ్లిన కథానాయిక కే వెస్‌ని కాపలావాడు చూసేశాడు, మిషన్ ఫెయిల్ అయింది, ఆట మళ్లీ వెనకటి చెక్‌పాయింట్‌కి పంపేసింది. అలా వరసగా జరిగేసరికి మీ బావ కంట్రోలర్ సోఫా మీదకి విసిరేసి, ‘నేను దొంగనా, స్కూల్ పిల్లాడినా?’ అన్నాడని రాశావు. ఆ ఒక్క మాటలో నీ వ్యాసం మొత్తం ఉంది. నువ్వేమో దాన్ని రెండు లైన్లలో ముగించి, ‘ఇలా ఎందరో’ అంటూ ముందుకెళ్లిపోయావు. అక్కడే ఆగాల్సింది.

ఎందుకు ఆగాలో చెబుతాను. ఈ గేమ్‌ని స్వీడన్‌లోని మాసివ్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారుచేసింది, యూబీసాఫ్ట్ 2024 ఆగస్టు 30న విడుదల చేసింది. స్టార్ వార్స్‌లో ఇదే మొదటి ఓపెన్ వరల్డ్ గేమ్, అంటే ఆ లోకంలో ఇష్టమొచ్చిన చోటికి తిరగగలిగే గేమ్ అని ప్రచారం చేశారు. కథ మొదటి మూడు సినిమాల్లో రెండోదానికీ మూడోదానికీ మధ్య కాలంలో జరుగుతుంది. కథానాయిక ఆ సినిమాల్లోని జెడై యోధురాలు కాదు, చేతిలో లైట్‌సేబర్ అనే వెలుగు కత్తి లేదు. కే వెస్ అనే చిల్లర దొంగ, ఆమె వెంట నిక్స్ అనే బుజ్జి జంతువు. పైక్‌లు, హట్‌లు, క్రిమ్సన్ డాన్, అషిగా అనే నాలుగు ముఠాల మధ్య ఒకరిని మోసం చేస్తూ, ఇంకొకరికి పనులు చేసిపెడుతూ బతకాలి. ట్రైలర్ చూసినవాడికి అందిన మాట ఒక్కటే: నీ ఇష్టం వచ్చినట్టు బతకొచ్చు.

ఆ పాత సినిమాల్లో స్మగ్లర్లంటే మనకి ఎందుకంత ఇష్టం? వాళ్ల ప్లాన్ ఎప్పుడూ చెడిపోతుంది కాబట్టి. ప్లాన్ చెడిపోయాక వాళ్లు వేసే వేషాలు, చెప్పే అబద్ధాలు, పెట్టే పరుగు, అదే అసలు సినిమా. ఆగస్టులో వచ్చిన గేమ్ సరిగ్గా ఆ భాగాన్నే కోసేసింది. చాలా మిషన్లలో ఎవరి కంటా పడకుండా పని పూర్తి చేయాలన్నది షరతు. కంటపడితే పరుగు లేదు, తుపాకీ లేదు, తెర నల్లబడి వెనక్కి పంపేస్తుంది. తోషారా అనే ఉపగ్రహం మీద మిరోగానా నగరంలో, ఆట ఇంకా మొదలవుతుండగానే వచ్చే ఒక మిషన్ ఇందుకు పేరుమోసింది. క్రియేటివ్ డైరెక్టర్ జూలియన్ గెరైటీ కూడా అది మరీ కఠినంగా ఉందని విడుదలైన కొన్నాళ్లకే ఒప్పుకుని, సరిచేస్తామన్నాడు.

ఇప్పుడు మీ బావ మాటని మళ్లీ చదువు. ఆయన ఫిర్యాదు స్టెల్త్ మీద, అంటే కంటపడకుండా ఆడటం మీద కాదు. నక్కి నక్కి ఆడే గేములు ఆయన బోలెడు ఆడే ఉంటాడు. దొంగగా బతకమని పిలిచి, తప్పు చేసిన ప్రతిసారీ బెంచీ ఎక్కించారన్నది ఆయన బాధ. ఈ రెండిటికీ తేడా ఉంది. ఆ తేడా చెప్పడానికే రాసేవాడు కావాలి. ప్లేయర్‌కి నొప్పి ఎక్కడుందో కచ్చితంగా తెలుస్తుంది, ఎందుకుందో మాత్రం చాలాసార్లు పొరపాటుగా చెబుతాడు. ‘డెవలపర్లు బద్ధకస్తులు’ అంటాడు, ‘స్టెల్త్ చెత్త’ అంటాడు. ఆ నొప్పిని నమ్ము. కారణం మాత్రం నువ్వే ఆడి తెలుసుకో. ఆడకుండా రాయడానికి ఇందులో దారే లేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. శత్రువు పారేసిన పెద్ద తుపాకీ తీసుకుంటాం, నిచ్చెనెక్కగానే కే దాన్ని కిందపడేస్తుంది. హెల్మెట్ పెట్టుకున్న సైనికుణ్ణి ఆమె ఉత్త పిడికిలితో కొట్టి పడగొడుతుంది. దాని మీద జనం ఎంత నవ్వుకున్నారో! చిన్న విషయాలే. కానీ సైన్స్ ఫిక్షన్‌లో ప్లేయర్ గ్రహాంతరవాసిని నమ్ముతాడు, కాంతి వేగంతో ప్రయాణాన్ని నమ్ముతాడు, ఇనప టోపీ మీద గుద్దు దగ్గర మాత్రం నమ్మకం పోతుంది. ఎందుకు పోతుందో ఒక పేరా రాయగలవా? ప్రయత్నించు, నాకు చదవాలనుంది.

ఇక రెండో సంగతి. నీ వ్యాసంలో ఎక్కడా తేదీలు లేవు. ఇది చిన్న లోపం అనుకోకు. మన దగ్గర బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చినవాడి మాట వేరు, అదే సినిమాని నెలన్నర తర్వాత ఇంట్లో ఓటీటీలో చూసినవాడి మాట వేరు. అక్కడ కనీసం సినిమా మారదు. గేమ్ అయితే ఏకంగా మారిపోతుంది. ఖరీదైన ఎడిషన్లు కొన్నవాళ్లు మూడు రోజుల ముందే ఆడటం మొదలుపెట్టారు. వాళ్లలో ప్లేస్టేషన్ 5 మీద ఆడిన కొందరు, ఒక అప్‌డేట్ వచ్చాక అప్పటిదాకా ఆడి దాచుకున్న సేవ్‌లు వదిలేసి మొదటి నుంచి ఆడాల్సి వచ్చింది. మామూలు ఎడిషన్ 70 డాలర్లు, పెద్దది 130. అంత డబ్బు పెట్టి, అందరికంటే ముందు మొదలుపెట్టి, మళ్లీ మొదటికి వచ్చినవాడి కోపానికి లెక్క వేరు. ఏడాది తర్వాత డిస్కౌంట్‌లో కొన్న విజయవాడ కుర్రాడికి ఆ కోపం ఎక్కడినుంచి వస్తుంది?

2024 నవంబరు 21న పెద్ద అప్‌డేట్ వచ్చింది, అదే రోజు గేమ్ స్టీమ్ అనే కంప్యూటర్ గేముల ఆన్‌లైన్ దుకాణంలోకీ వచ్చింది. కంటపడితే ఫెయిల్ అనే షరతుని దాదాపు అన్నిచోట్లా తీసేశారు. దొరికిపోతే ఇక తుపాకీ తీసి కాల్చుకుంటూ పోవచ్చు. అంటే మీ బావ విసుక్కున్న గేమ్ ఇప్పుడు లేదు. ఇవాళ ఒకరు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, నీ వ్యాసం పక్కన పెట్టుకుని ఆడితే నువ్వు అబద్ధం రాశావనుకుంటారు. 2025 సెప్టెంబరులో నింటెండో వాళ్ల స్విచ్ 2 మీదకి వచ్చినప్పుడు కొత్తగా ఆడినవాళ్లు చాలామంది ‘దీన్నా అంతలా తిట్టారు?’ అని ఆశ్చర్యపోయారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకే పేరున్న రెండు గేముల గురించి ఇద్దరు మాట్లాడారు, అంతే. అందుకే, మనిషి మాట రాసేటప్పుడు ఎప్పుడు ఆడాడో, దేని మీద ఆడాడో, ఎంతకి కొన్నాడో పక్కనే ఉండాలి. వాక్యం బరువెక్కుతుందని భయపడకు. ‘ఆగస్టులో, మొదటి రోజే కొన్న’ అనే నాలుగు మాటలు చాలు.

మూడో రకం అభిప్రాయం ఇంకోటుంది, దాన్ని వేరే గిన్నెలో పెట్టు. విడుదలకి నెలల ముందే, కంట్రోలర్ ముట్టకుండానే, కే వెస్ ముఖం బాగాలేదని గొడవ చేసినవాళ్లు ఉన్నారు. అది కూడా జరిగిన విషయమే, రాయొచ్చు. ఒక గేమ్ చుట్టూ గాలి ఎలా తిరిగిందో అది చెబుతుంది. కానీ దాన్ని తీసుకొచ్చి, ఇరవై గంటలు ఆడి విసిగిపోయినవాడి మాట పక్కన కూర్చోబెట్టకు. నువ్వు రెండిటినీ కలిపి ‘మిశ్రమ స్పందన’ అన్నావు. ఆ పదబంధం నాకు మొదట్నుంచీ పడదు. స్పందనలు ఏమీ కలిసిపోలేదు, విడివిడిగానే ఉన్నాయి, కలిపింది నువ్వు.

ఆడనివాళ్ల అభిప్రాయం ఎంత దూరం పోతుందో చూడాలంటే 1982కి వెళ్లు. అటారీ 2600 అనే ఇంటి గేమ్ యంత్రం మీద వచ్చిన ‘ఈ.టీ.’, అదే పేరున్న సినిమా ఆధారంగా హడావుడిగా చేసిన సాహస గేమ్. ప్రోగ్రామర్ హోవర్డ్ స్కాట్ వార్షాకి దొరికింది అయిదు వారాల పైచిలుకు మాత్రమే, క్రిస్మస్ అమ్మకాలకి అందాలని. అమ్ముడుపోని గేమ్ కార్ట్రిడ్జ్‌లని 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డో చెత్తదిబ్బలో పాతేశారు. 2014లో తవ్వి చూస్తే నిజంగానే దొరికాయి, వాటితోపాటు అటారీ వేరే గేములు కూడా బయటపడ్డాయి. ఇవాళ్టికీ ‘ప్రపంచంలోకెల్లా చెత్త గేమ్’ అంటే జనం దీని పేరే చెబుతారు. వాళ్లలో ఆడినవాళ్లు ఎందరుంటారు? ఆడినవాణ్ణి అడిగితే ‘చెత్త’ అనడు, ‘గుంటలు’ అంటాడు. ఈ.టీ. అనే గ్రహాంతరవాసి నడుస్తూ నడుస్తూ గుంటలో పడిపోతాడు, మెడ సాగదీసి గాల్లోకి లేచి పైకొస్తాడు, వచ్చీరాగానే మళ్లీ పడతాడు. బొమ్మ తల గుంట అంచుకి తగిలినా లోపలికి పోవాల్సిందే. ఈ ‘గుంటలు’ అనే ఒక్క మాట, ‘చెత్త’ అనే లక్ష మాటల కంటే నీకు ఎక్కువ పనికొస్తుంది.

కంపెనీ మాటలు కూడా ఎక్కువే వాడావు. 2024 సెప్టెంబరులో యూబీసాఫ్ట్ తొలి అమ్మకాలు అనుకున్నదానికంటే తక్కువగా ఉన్నాయని ప్రకటించింది, నవంబరులో రావాల్సిన ఇంకో పెద్ద గేమ్‌ని వాయిదా వేసింది. మరుసటి ఏడాది సంస్థ అధినేత ఈవ్ గీయెమో, స్టార్ వార్స్ బ్రాండే ఆ సమయంలో ఒడిదుడుకుల్లో ఉండటం దెబ్బతీసిందని అన్నారు, గేమ్‌లోనూ మెరుగుపెట్టాల్సినవి మిగిలాయని ఒప్పుకున్నారు. ఇవి వ్యాపార వార్తలు. అమ్మకాలు తగ్గాయి కాబట్టి ప్లేయర్లకి నచ్చలేదు అని నువ్వు వేసిన ముడి నిలవదు. కొననివాడికి అసలు నిరాశపడే అవకాశమే లేదు కదా. ఒక పేరాకి మించి ఇవ్వకు.

మెచ్చుకున్న విషయాలు నువ్వు చివర్లో ‘అయితే కొన్ని మంచి అంశాలూ ఉన్నాయి’ అని ఒక మూలకి నెట్టావు. తిట్టినవాళ్లలోనే చాలామంది ఒక విషయం ఒప్పుకుంటారు: ఊళ్లు అద్భుతంగా కట్టారని. సంతలో నడుస్తుంటే, బార్‌లో కూర్చుంటే ఆ సినిమాల లోకంలోకి వెళ్లినట్టే ఉంటుందంటారు. సబాక్ అనే పేకాట ఉంది, అసలు మిషన్ పక్కన పెట్టి దాని ముందే కూర్చుండిపోయినవాళ్లు ఉన్నారు. నిక్స్‌ని ఇష్టపడనివాణ్ణి నేనింకా చూడలేదు. ఈ మెప్పుని తిట్టుకి ఎదురుగా తూకం వేయకు, తిట్టు లోపలే చూపించు. లోకం అంత నమ్మించేలా ఉంది కాబట్టే, అందులో వెనక్కి లాగే చెయ్యి అంత చిరాకు పెట్టింది. ఊరికే చప్పగా ఉన్న గేమ్ మీద ఎవరూ ఇంతసేపు మాట్లాడరు.

మనుషుల్ని అడిగే పద్ధతి కూడా మార్చు. ‘గేమ్ బాగుందా?’ అని అడిగితే ‘పర్లేదు’ అంటారు, లేదా ఏ వీడియోలోనో విన్న తీర్పు అప్పజెబుతారు. ‘ఎక్కడ ఆపేశావు?’ అని అడుగు. ఈ ప్రశ్నకి వీడియోలో జవాబు దొరకదు. ఏ గ్రహం మీద, ఏ మిషన్‌లో, రాత్రి ఎన్నింటికి ఆపాడో గుర్తు చేసుకుంటాడు. మళ్లీ ఎందుకు తెరవలేదో చెప్పడం మొదలుపెడతాడు. అప్పుడు నువ్వు మాట్లాడకు, రాసుకో. అందులో సగం మంది ‘నాకు టైమ్ దొరకలేదు’ అంటారు చూడు. గేమ్ నిజంగా పట్టి ఉంచితే టైమ్ ఎలా దొరికేదో వాళ్లకీ తెలుసు. దాన్నీ వాళ్ల మాటల్లోనే రాయి, వ్యాఖ్యానం చేయకు.

చివర్లో ఇచ్చిన 2.5/5 తీసెయ్యి. విమర్శకుల సగటు 100కి 75 చుట్టుపక్కల ఉందని, సాధారణ ప్లేయర్లు ఇచ్చింది అంతకంటే బాగా తక్కువని ఒక్క లైన్లో చెబితే సరిపోతుంది. ఆ రెండిటి మధ్య దూరం ఎందుకొచ్చిందన్నది నీ వ్యాసం చెప్పాలి, అంకె చెప్పలేదు.

రెండో డ్రాఫ్ట్ పంపే ముందు రెండు పనులు చెయ్యి. తోషారా భాగాన్ని ఇప్పటి వెర్షన్‌లో నువ్వే ఒకసారి ఆడు, కావాలనే దొరికిపో, ఏమవుతుందో చూడు. మీ బావకి ఫోన్ చేసి, నవంబరు అప్‌డేట్ తర్వాత మళ్లీ తెరిచాడేమో కనుక్కో. తెరవకపోతే ఎందుకు తెరవలేదో అడుగు. పండగ ముందు వారం నేను ఊళ్లో ఉండను, ఈలోపే పంపితే తీరిగ్గా చదువుతాను.

ఉంటాను,
నీ అన్నయ్య