వాలిడేటర్ నడపబోయే అబ్బాయికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

అమలాపురంలో మన మేడగదిలో ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌కు వాలిడేటర్ (లావాదేవీలను సరిచూసి ఓటేసే యంత్రం) పెడతానని, కరెంటు పోయినా ఆగకుండా రాజమండ్రిలోని నీ గదిలో అవే తాళాలతో (ఓట్ల మీద సంతకం చేసే రహస్య సంఖ్యలతో) మరొకటి నడుపుతానని రాశావు. మొదటిది పెట్టు, రెండవది మాత్రం మానుకో.

2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను (యంత్రాల లెక్కల పోటీని) వదిలేసినప్పటి నుంచి ఈ నెట్‌వర్క్‌కు కాపలా మనలాంటివాళ్ళ ధరావతే. కనీసం 32 ఈథర్ (ఇథీరియం నాణెం) కట్టినవారిలో ఒకరు 12 సెకన్లకొక బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, ప్రతిపాదిస్తే మిగిలినవారు వంతులవారీగా ఓటేస్తారు. మొత్తం ధరావతులో మూడింట రెండు వంతుల ఓటు పడ్డాక, మామూలుగా పదమూడు నిమిషాలలో, ఆ లెక్క ఖాయమవుతుంది. దానికి విరుద్ధమైన మరో లెక్కను కూడా ఖాయం చేయించాలంటే కనీసం మూడో వంతు ధరావతు రెండువైపులా ఓటేసి పట్టుబడక తప్పదు. అందుకే ఇక్కడ మౌనం చిన్న తప్పు, రెండు నాలుకలతో మాట్లాడటం పెద్ద తప్పు.

నీ రెండు యంత్రాలూ ఒకే తాళంతో వేర్వేరు ఓట్లు వేశాయంటే, ఒకే కొబ్బరితోటను ఇద్దరికి కౌలుకిచ్చినవాడికీ నీకూ తేడా నెట్‌వర్క్‌కు తెలియదు. ఒక్కడివే దొరికితే ఇప్పుడు ధరావతులో కోత స్వల్పమే. అయితే నిన్ను బలవంతంగా బయటికి పంపుతుంది, సుమారు 36 రోజులు ధరావతు చేతికి రాదు, ఆ రోజుల్లోనే నీలాగా ఎందరో దొరికితే కోత అంతకంతకూ పెరుగుతుంది. అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌నే పెట్టుకోవద్దనడం ఇందుకే: దానిలో లోపం ఉంటే అందరూ ఒకేసారి మునుగుతారు.

ఊరకే ఆగిపోతే ఎన్ని రోజులు ఆగిందో ఇంచుమించు అన్ని రోజుల సంపాదనతో లోటు పూడుతుంది. ఒక తుఫానుకు నాది నాలుగు రోజులు మూగబోయింది. పోయినది ఇంచుమించు ఆ నాలుగు రోజుల సంపాదనంతే. 1996 నవంబరు తుఫానులో కోనసీమ తోటలు ఎలా కూలాయో చూసినవాడిగా చెబుతున్నాను, అలాంటి రోజున ఇన్వర్టరును నమ్ముకోకు, యంత్రాన్ని ఆపేసి ఇంట్లోవాళ్ళను చూసుకో.

యంత్రం మార్చవలసి వస్తే పాతదాన్ని ఆపి, అందులోని తాళాలు చెరిపి, వేసిన ఓట్ల రికార్డును కొత్తదానికి చేర్చి, ఒక గంట ఆగి మొదలుపెట్టు. తాళాలకు మూలమైన ఇరవైనాలుగు మాటల రహస్యాన్ని కాగితం మీద ఉంచకు. మన ఊరి చెమ్మకు కాగితం నిలవదు, స్టీలు రేకు మీద వేరేవాళ్ళ చేత చెక్కించక నువ్వే అక్షరాలు కొట్టుకో.

పొలం తాకట్టు పెట్టి ఈథర్ కొంటానంటే మాత్రం నన్ను సలహా అడగకు.

బాబాయి