మొటిమల మందు మధ్యలో మానేస్తే?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతోంది. మొటిమలకు చర్మవైద్యులు రాత్రిపూట రాసుకోవడానికి అడాపలీన్ జెల్ ఇచ్చారు. ముఖం మండుతోందని, పొట్టు లేస్తోందని రెండో వారంలోనే మానేసింది. ఏం చేయాలి?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ఈ వయసువారు మందు మానేస్తే పెద్దలు బద్ధకమని కోప్పడతారు గానీ, మొదటి వారాల్లో మంట, పొడిబారడం సహజమని, గుణం స్పష్టంగా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుందని వారికి ముందే చెప్పేవారు తక్కువ. కడిగిన ముఖం పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత జెల్‌ను మొటిమల మీద మాత్రమే కాక, కళ్లు, పెదవుల చుట్టూ వదిలి ముఖమంతా పలుచగా రాయాలి. మంట ఎక్కువగా ఉంటే వైద్యులను అడిగి కొన్నాళ్లు రోజు విడిచి రోజు రాస్తూ, మాయిశ్చరైజర్ జోడించవచ్చు. పగలు, అందులోనూ మన ఓరుగల్లు ఎండల్లో, సన్‌స్క్రీన్ తప్పనిసరి. జెల్ ట్యూబును టూత్‌బ్రష్ పక్కనే ఉంచితే మరపు తగ్గుతుంది. తోటివారి మాట విని స్టెరాయిడ్ కలిసిన క్రీములకు మాత్రం మారనివ్వకండి. అవి తొలుత ముఖాన్ని నున్నగా చూపించి, ఆ తర్వాత మొటిమలను మరింత పెంచుతాయి. ముఖం వాచినా, దద్దుర్లు లేచినా జెల్ ఆపి వెంటనే వైద్యులకు చూపించండి.