షుగర్ వల్ల అమెరికా ఆర్మీ నుంచి మెడికల్‌గా పంపేస్తే వచ్చేది 20 శాతమేనా?

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడు అమెరికా ఆర్మీలో ఎనిమిదేళ్ళ సర్వీసున్న సార్జెంట్. నిరుడు టైప్ 1 డయాబెటిస్ బయటపడింది, రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకుంటున్నాడు. మెడ్‌బోర్డ్, అంటే ఉద్యోగానికి ఇంకా పనికొస్తాడా అని తేల్చే వైద్య విచారణ, నడుస్తోంది. "షుగర్‌కి 20 పర్సెంట్ పడేసి, ఓ చెక్కు చేతిలో పెట్టి పంపేస్తారు" అని తోటివాళ్ళు భయపెడుతున్నారు. మీ నాన్నగారికీ షుగర్ ఉంది కాబట్టి, వంశపారంపర్యమని అసలుకే ఎసరు పెడతారేమోనని మీ భయం.

నాకు తెలిసినవాళ్ళలో ఎక్కువమందికి మొదట 20 శాతమే వచ్చింది, నాకూ అంతే. సప్లై సార్జెంట్‌గా ఉండగా, ముప్పై దాటాక టైప్ 1 వచ్చి ఇదే దారిలో బయటికొచ్చాను. తర్వాత నాది 40 అయింది. నేను లాయర్ని కాదు, డాక్టర్నీ కాదు. కానీ ఆ 20కీ 40కీ మధ్య ఏముందో నా ఫైలు పుణ్యమా అని బాగా తెలిసొచ్చింది.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఇది తెలియకే చాలామంది కంగారు పడతారు. ఇక్కడ లెక్కలు రెండు. రేటింగ్ వేసేది వీఏ, అంటే వెటరన్స్ అఫైర్స్ శాఖ. వాళ్ళు సర్వీసుతో ముడిపడిన ప్రతి సమస్యకూ శాతం వేస్తారు. ఆర్మీ వాళ్ళ పీఈబీ, అంటే ఉద్యోగంలో ఉంచాలా పంపాలా అని తేల్చే బోర్డు మాత్రం, అందులో మనిషిని ఉద్యోగానికి పనికిరాకుండా చేసిన సమస్య ఏదో దాని శాతాన్నే తీసుకుంటుంది. మోకాళ్ళూ, చెవుల్లో హోరూ, నిద్రలో గురక సమస్యా అన్నీ కలిపి వీఏ 70 వేసినా, ఉద్యోగానికి అడ్డం షుగర్ ఒక్కటే అని తేలితే ఆర్మీకి కనపడేది షుగర్ శాతమే. ఆ శాతం 30 గానీ అంతకు మించి గానీ ఉంటే మెడికల్ రిటైర్‌మెంట్. తక్కువైతే సెవరెన్స్, అంటే ఒకేసారి కొంత డబ్బిచ్చి సాగనంపడం.

ఇప్పుడు షుగర్ పట్టిక చూడండి. వీఏ రేటింగ్ రూల్స్‌లో డయాబెటిస్ కోడ్ 7913. పత్యంతోనే అదుపులో ఉంటే 10. పత్యంతో పాటు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ ఉంటే 20. ఇన్సులిన్, పత్యం, వీటికి తోడు 'యాక్టివిటీస్ రెగ్యులేషన్' అవసరమైతే 40. ఆ పైన, షుగర్ పడిపోయో, ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పెరిగే కీటోయాసిడోసిస్ వచ్చో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆసుపత్రిలో చేరడం, లేదా నెలకు రెండుసార్లు షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి రావడం, దాంతోపాటు చిన్నపాటి కాంప్లికేషన్లు ఉంటే 60. ఇంకా ముదిరితే 100.

గమనించారా, ఈ పట్టికలో 30 అనేదే లేదు. 20 తర్వాత నేరుగా 40. అంటే షుగర్ ఒక్కదాని మీద బయటికొచ్చేవాడికి రిటైర్‌మెంటా, చెక్కా అన్నది యాక్టివిటీస్ రెగ్యులేషన్ అనే ఒక్క ముక్క తేలుస్తుంది. రోజుకు నాలుగుసార్లు పొడుచుకుంటున్నాడు కదా అన్నారు మీరు. 20 మెట్టు మీదా 40 మెట్టు మీదా రాసింది "రోజుకు ఒకటి లేదా అంతకంటే ఎక్కువ" అనే. నాలుగైనా ఒకటైనా ఒకటే. మన ఇళ్ళల్లో మొదట అడిగే ఏ1సీ ఎంత అన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటే లేదు. 7 ఉన్నా 11 ఉన్నా దాన్నిబట్టి శాతం మారదు. బరువు తగ్గడానికీ షుగర్‌కీ వారానికోసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్లు కూడా ఇన్సులిన్ కింద లెక్కకు రావు.

ఇక ఆ ముక్క విషయం. రూల్‌లోనే దానికి అర్థం రాసి ఉంది: శ్రమతో కూడిన పనులు, ఉద్యోగంలోవీ, సరదాగా చేసుకునేవీ, రెండూ మానుకోవలసి రావడం. 2007లో కమాచో కేసులో వెటరన్స్ కోర్టు ఇంకో మెలిక పెట్టింది. వ్యాధి అదుపు కోసం ఇలా మానుకోక తప్పదని వైద్యపరమైన ఆధారం ఉండాలి. మనిషి తనంతట తాను మానేసి "నేను చెయ్యలేకపోతున్నాను" అంటే చాలదు.

ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఏ డాక్టరైనా షుగర్ పేషెంటుకు ఏం చెప్తాడు? నడవండి, వ్యాయామం చెయ్యండి అనేగా! వీఏ తరఫున చేసే సీ అండ్ పీ పరీక్షకు నేను వెళ్ళినప్పుడు పరీక్షించినాయన మంచి మనిషే, ఎక్కడా దురుసుగా లేడు. కంప్యూటర్‌లో ఫారం నింపుకుంటూ పోతున్నాడు. డయాబెటిస్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: చికిత్సలో భాగంగా యాక్టివిటీస్ రెగ్యులేషన్ అవసరమా, అవునా కాదా అని. "వ్యాయామం చేస్తుంటావా?" అని అడిగాడు. "సాయంత్రాలు నడుస్తాను సార్" అన్నాను. టక్కున 'కాదు' మీద నొక్కి తర్వాతి పేజీకి వెళ్ళిపోయాడు. నడక శ్రమతో కూడిన పని కాదు కదా. నడవమన్న డాక్టరే, ముప్పై అయిదు పౌండ్ల బరువు వీపున వేసుకుని రక్ మార్చ్ చెయ్యొద్దనీ అనొచ్చు. రెండూ ఒకే పేషెంటుకు ఇచ్చే సలహాలే. కానీ ఆ గడిలో దానికి జాగా లేదు, 20 వచ్చి కూర్చుంది.

మరి 40 ఎలా అయిందంటే, ఆ గొడవ జరగకముందే మా ఎండోక్రైనాలజిస్ట్, అంటే షుగర్ డాక్టర్, ఒంటికి పెట్టుకున్న నా షుగర్ సెన్సర్ రీడింగులు చూస్తూ ఉండేది. రక్ మార్చ్‌లో మూడో మైలు దాటాక గ్రాఫ్ కిందికి జారి 52 దగ్గర ఆగడం, అదే పని మళ్ళీ చేస్తే మళ్ళీ అలాగే జారడం, వారాంతం బాస్కెట్‌బాల్ ఆడినా రాత్రి రెండింటికి అలారం మోగడం అన్నీ అందులో ఉన్నాయి. ఇన్సులిన్ డోసు మార్చి చూసింది, తిండి మార్చి చూసింది. చివరికి చార్టులో రాసింది: పదేపదే షుగర్ పడిపోతోంది కాబట్టి బరువు మోస్తూ చేసే మార్చ్‌లు, దూరపు పరుగులు, ఎండలో గంటల తరబడి శ్రమ, ఆటల్లో గట్టి శ్రమ, ఒంటరిగా ఈత చికిత్సలో భాగంగా మానాలి, నడక, తేలికపాటి వ్యాయామం కొనసాగించవచ్చు. ఆ రెండు వాక్యాలే నా కేసు. ఉద్యోగం మాటా వచ్చింది, ఆట మాటా వచ్చింది, ఎందుకో కూడా వచ్చింది.

మీ తమ్ముడి దగ్గర పర్మనెంట్ ప్రొఫైల్ ఉండే ఉంటుంది, డిప్లాయ్‌మెంట్ వద్దు, పరుగు టెస్ట్ వద్దు అని. అదే చాలనుకోకండి. ప్రొఫైల్ చెప్పేది ఆర్మీ అతనితో ఏ పని చేయించకూడదని. షుగర్ అదుపులో ఉండాలంటే అతను ఏం మానాలో చెప్పేది చికిత్స చేసే డాక్టర్ నోటు. నాతోపాటు బోర్డుకు వెళ్ళిన ఒకతనికి ప్రొఫైల్ నా దానికంటే గట్టిది, డాక్టర్ నోటు మాత్రం లేదు. 20తోనే వెళ్ళాడు. ఇంకోమాట, మొహమాటం లేకుండా చెప్తాను: డాక్టర్‌కు అవసరం అనిపించనిది రాయమని బతిమాలొద్దు. ఆవిడ పరువూ పోతుంది, మీవాడి ఫైలూ అనుమానంలో పడుతుంది. నిజంగా షుగర్ పడిపోతుంటే సెన్సర్ రీడింగులే మాట్లాడతాయి. పడిపోకపోతే ఆ 20 న్యాయమైన రేటింగే, ఒప్పుకోవాలి.

డబ్బు తేడా ఎంతో చెప్తే ఈ తాపత్రయం ఎందుకో మీకే తెలుస్తుంది. బేసిక్ పే నెలకు 4,000 డాలర్లు అనుకుందాం. సెవరెన్స్ లెక్క: రెండు నెలల బేసిక్, దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించాలి. ఎనిమిదేళ్ళకు 64,000. పెద్ద మొత్తంలాగే కనపడుతుంది. కానీ అదే షుగర్‌కు వీఏ ఇచ్చే నెలవారీ పరిహారాన్ని, ఆ మొత్తం తీరేదాకా పట్టేసుకుంటారు. 2025 రేట్ల ప్రకారం కుటుంబ భత్యం లేకుండా 20 శాతానికి నెలకు 346.95 డాలర్లు. భాగించి చూడండి, పదిహేనేళ్ళు దాటుతుంది! తర్వాత రేటింగ్ పెరిగినా, నెలనెలా కోత మొదటి రేటింగ్‌కు వచ్చే మొత్తాన్ని మించకూడదని చట్టంలో ఉంది, అంతవరకు నయం. జబ్బు పోరాట ప్రాంతంలో డ్యూటీలో ఉండగా వచ్చినట్టు తేలితే ఈ కోత ఉండదు. మీవాడికి అలాంటి చోట ఉండగా మొదటి లక్షణాలు కనపడి ఉంటే ఆ క్లినిక్ కాగితాలు బంగారంలా దాచమనండి.

40తో రిటైర్ అయితే పెన్షన్ నెలకు ఇంచుమించు 1,600 డాలర్లు. నిజానికి లెక్క కట్టేది చివరి జీతం మీద కాదు, ఎక్కువ జీతం వచ్చిన 36 నెలల సగటు మీద, కాబట్టి కాస్త తగ్గుతుంది. వీఏ డబ్బు ఇందులో సర్దుబాటు అవుతుంది కాబట్టి రెండూ పూర్తిగా చేతికి రావు. అయినా అసలు లాభం పెన్షన్‌లో కాదు, ట్రైకేర్‌లో, అంటే మిలిటరీ వాళ్ళ ఆరోగ్య బీమాలో ఉంది. భార్యాపిల్లలకు కూడా వైద్యం కొనసాగుతుంది. ఇన్సులిన్ మీద బతికే మనిషికి అమెరికాలో ఇన్సూరెన్స్ టెన్షన్ లేకపోవడం అంటే ఏమిటో అక్కడున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

కాళ్ళ తిమ్మిర్లు, కంటి సమస్య లాంటివి ఉంటే పరీక్షలో దాచకుండా చెప్పమనండి. మనవాళ్ళు అక్కడే "ఫర్వాలేదు సార్" అనేస్తారు. ఒక్కో కాలి నరాల బలహీనతకు విడిగా శాతం వేస్తారు. షుగర్ 20, రెండు కాళ్ళకూ పదేసి ఉంటే వీఏ లెక్కలో కలిపి 37 దాకా వచ్చి 40గా రౌండ్ అవుతుంది. కూడిక మామూలు కూడిక కాదు లెండి, మిగిలిన ఆరోగ్యంలోంచి శాతం తీస్తూ పోతారు. కానీ మొదట చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది: ఆ కాళ్ళు కూడా ఉద్యోగానికి అడ్డం అని పీఈబీ తేలిస్తే తప్ప ఆర్మీ లెక్క 20 దగ్గరే ఆగుతుంది.

మీ నాన్నగారి షుగర్ గురించి దిగులు వద్దు. ఇంట్లో ఉండటం వేరు, చేరేనాటికే అతనికి ఉండటం వేరు. చేరేటప్పటి వైద్య పరీక్షలో డయాబెటిస్ రాసి లేకపోతే, ఆరు నెలలు దాటి సర్వీసు చేసినవాడికి జబ్బు ముందే ఉందనీ, సర్వీసువల్ల ముదరలేదనీ తిరుగులేని ఆధారం చూపాల్సింది అవతలివాళ్ళే. పైగా నిండా ఎనిమిదేళ్ళ యాక్టివ్ డ్యూటీ ఉంటే, ముందునుంచీ ఉన్న జబ్బును కూడా సర్వీసులో వచ్చినట్టే చూడాలని చట్టం ఉంది. మీ తమ్ముడికి ఎనిమిదేళ్ళు పూర్తయ్యాయో, ఇంకా కొన్ని వారాలు తక్కువున్నాయో ఒకసారి తేదీలు చూసుకోమనండి.

ఇక వెంటనే చేయాల్సినవి. సీ అండ్ పీ పరీక్ష ఇంకా కాకపోతే డాక్టర్ నోటు, సెన్సర్ గ్రాఫులు ప్రింటు తీసి చేతిలో పట్టుకెళ్ళాలి, అడక్కపోయినా ఇవ్వాలి. పరీక్ష అయిపోతే రిపోర్టు కాపీ పెబ్లోను, అంటే ఈ బోర్డు వ్యవహారంలో మీవాడికి సాయంగా ఉండే ఆర్మీ ప్రతినిధిని అడిగి తెప్పించుకుని ఆ గడి ఎలా నింపారో చూడాలి. పీఈబీ తొలి నిర్ణయం వచ్చాక జవాబివ్వడానికి ఉండేది పది రోజులే. రేటింగ్ మీద వీఏను పునఃపరిశీలన అడిగే అవకాశం, బయటికి రాకముందు, ఒక్కసారే. కాబట్టి కాగితాలన్నీ చేతికొచ్చాకే అడగాలి. సోల్జర్స్ కౌన్సెల్ అని ఆర్మీ లాయర్లు ఉంటారు, పైసా ఖర్చు లేదు. నిర్ణయం వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. నా పునఃపరిశీలన దరఖాస్తు రాసిపెట్టింది వాళ్ళే, పేజీన్నర, డాక్టర్ రాసిన ఆ రెండు వాక్యాలను పైనే పెట్టి.