బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) తర్వాత టీచింగ్, రీసెర్చ్ వైపు రావాలంటే

తమ్ముడూ, బీపీటీ చేసి విజయనగరంలో క్లినిక్‌లో పనిచేస్తున్న నువ్వు, ఫిజియోథెరపీ టీచింగ్, రీసెర్చ్‌లోకి ఎలా రావాలని అడిగావు. పాఠాలు చెప్పాలంటే రెండేళ్ల ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) తప్పదు. రీసెర్చ్‌కి మాత్రం అంతదాకా ఆగొద్దు, దయచేసి.

మన దగ్గర విషయాలకి కొదవా? పలాసలో రోజంతా కూర్చుని జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల నడుము నొప్పే తీసుకో. నొప్పి 10కి ఎంత, ముందుకి వంగితే వేళ్లు నేలకి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగాయి: మొదటి రోజూ, ఆరు వారాలకీ ఒకే పద్ధతిలో కొలిచి రాసుకో. ఈ అలవాటే పరిశోధకుణ్ణి తయారుచేస్తుంది.

ఫిజియోథెరపీ పరిశోధనలన్నీ వెతుక్కునే పెడ్రో (PEDro) డేటాబేస్ 1999 నుంచి ఉంది, ఉచితం. అందులో ట్రయల్స్‌కి (పేషెంట్ల మీద చికిత్సని పరీక్షించే అధ్యయనాలకి) ఎంత పద్ధతిగా చేశారో చూసి 10కి మార్కులు వేస్తారు; అవి ఎందుకు తగ్గాయో చదువు. నువ్వే ట్రయల్ మొదలుపెడితే ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల భద్రత, హక్కులు చూసే కమిటీ) అనుమతి, సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ రెండూ మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే అయిపోవాలి.