బారెల్ వేడెక్కితే గురి ఎందుకు మారుతుంది?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టిన ఆసక్తితో రెండేళ్లుగా క్లబ్బులో 50 మీటర్ల సాధన చేస్తున్నాను. ఉదయం 9 గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా సుమారు 120 షాట్లు కొడతాను. మొదటి 40 షాట్లు పదో రింగులోనూ దాని అంచునా పడతాయి. ఆ తరువాత గ్రూపు (షాట్లు పడే గుంపు) మెల్లగా పైకి జరిగి తొమ్మిదిలోకి వెళుతుంది. సైటును (గురి చూసే పరికరాన్ని) కిందికి తిప్పుకుంటే మరునాటి ఉదయం షాట్లు కింద పడుతున్నాయి. బారెల్ (తుపాకీ గొట్టం) వేడెక్కడమే కారణమని, తడిగుడ్డ చుట్టమని సీనియర్లు చెబుతున్నారు. నేనేం చేయాలి?
(ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: ముందుగా సైటును ముట్టుకోవడం మానండి. కారణం తెలియకుండా చేసిన సవరణే మరునాటి ఉదయం తప్పుగా ఎదురవుతోంది. బారెల్ వేడి గురి మారడానికి కారణం కావచ్చన్న మాట నిజమే. అయితే మీరు వాడే .22 రైఫిల్ విషయంలో కాల్పుల వల్ల పుట్టే వేడి కంటే మన ఎండ వేడినే ముందుగా అనుమానించాలని నా అభిప్రాయం.

.22 తూటాలో ఉండే పేలుడు మందు సుమారు 0.1 గ్రామే. 300 మీటర్ల పోటీల్లో వాడే పెద్ద రైఫిళ్ల తూటాల్లో అది రెండున్నర, మూడు గ్రాముల వరకు ఉంటుంది. అందువల్ల ఆ రైఫిళ్ల బారెల్ వరుసగా ఇరవై షాట్లకే చేయి పెట్టలేనంతగా కాలుతుంది; మీ బారెల్ నిమిషానికి ఒక షాట్ చొప్పున కొడితే గోరువెచ్చగా మారుతుందంతే. కానీ మే నెలలో 40 డిగ్రీలు దాటిన అనంతపురంలో, నల్లటి ఉక్కు గొట్టాన్ని ఎండలో ఉంచితే ఒక్క తూటా పేల్చకపోయినా అది చురుక్కుమంటుంది.

ఉక్కు వేడికి సాగుతుంది. 66 సెంటీమీటర్ల బారెల్ 30 డిగ్రీలు వేడెక్కితే పొడవు పెరిగేది పావు మిల్లీమీటరు కూడా ఉండదు, దానితో గురికి నష్టం లేదు. నష్టమంతా వేడి సమంగా పాకనప్పుడు వస్తుంది. ఒక పక్క ఎండ తగిలి, మరో పక్క నీడలో ఉన్నా, తయారీలో ఉక్కులో మిగిలిపోయిన ఒత్తిడి వేడికి సడలినా, కట్టె భాగం బారెల్‌ను ఒకచోట ఒరుసుకుంటున్నా, గొట్టం వెంట్రుకవాసి వంగుతుంది. 50 మీటర్ల లక్ష్యంలో ఒక రింగుకూ మరో రింగుకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లే కాబట్టి, బారెల్ మూతి మిల్లీమీటరులో పదో వంతు జరిగినా దాదాపు ఒక రింగు తేడా వస్తుంది. ఒక కరెన్సీ నోటును కట్టెకూ బారెల్‌కూ మధ్య దూర్చి లాగి చూడండి. మీ రైఫిల్ బారెల్ కట్టెకు తగలకుండా అమర్చినదైతే, నోటు ఎక్కడా పట్టకుండా జారాలి. పట్టిన చోటును మీరే చెక్కకుండా తుపాకీ పని తెలిసినవారికి చూపించండి.

రెండో సంగతి ఎండమావి. మధ్యాహ్నం వేళ 44వ నంబరు జాతీయ రహదారి మీద నీళ్లు నిలిచినట్లు కనిపించడం మనకు కొత్త కాదు. వేడి బారెల్ మీద కూడా ఆ ఎండమావే చిన్నదిగా లేస్తుంది. సైటులోంచి చూసినప్పుడు లక్ష్యం అలలాడుతూ, ఉన్నచోట కాక కొంచెం పక్కగా కనిపిస్తుంది, గాలి వీచినప్పుడల్లా ఆ తేడా మారుతుంది. దీనికి విరుగుడు ముందు సైటు నుంచి వెనుక వరకు బారెల్ మీద కట్టే గుడ్డ పట్టీ. అది వేడిగాలిని చూపుకు అడ్డం రాకుండా పక్కలకు మళ్లిస్తుంది. పోటీలో వాడేముందు దాని వెడల్పు నిబంధనలకు సరిపోతుందో చూసుకోవాలి.

మీ గ్రూపు ఎప్పుడూ పైకే వెళుతోందన్నారు కాబట్టి నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం తూటాల పెట్టె మీద ఉంది. ఈ జాతి తూటా 50 మీటర్లు చేరేలోగా సుమారు 12 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. మందు వేడెక్కితే వేగం పెరిగి ఆ జారుడు తగ్గుతుంది. వేగం 2 శాతం పెరిగినా షాట్ సుమారు 5 మిల్లీమీటర్లు పైన పడుతుంది. పెట్టెను ఎండలోని నాపరాయి బండ మీద ఉంచే అలవాటు మన వైపు చాలామందిలో చూశాను. వేడెక్కిన ఛాంబరులో (బారెల్ వెనుక తూటా కూర్చునే చోట) తూటాను దూర్చి, గురి కుదరక నిమిషాల తరబడి ఆగినా ఇదే జరుగుతుంది. గురి కుదరకపోతే బోల్టు (ఛాంబరును మూసే కడ్డీ) తెరిచి తూటాను బయటికి తీయడం మంచిది.

కారణం తేలాలంటే ఒకసారి ఒక్క మార్పే చేయండి. మొదటి రోజు తూటాల పెట్టెను మాత్రం నీడలో, దళసరి గుడ్డ కింద ఉంచండి. రెండో రోజు పట్టీ కట్టండి. మూడో రోజు ఉదయం పేల్చకుండా, నీడలో ఉంచిన రైఫిల్‌తో సరిగ్గా పదకొండు గంటలకు మొదటి పది షాట్లు కొట్టండి. అప్పుడూ గ్రూపు పైనే పడితే బారెల్ తప్పు లేదు. వెలుతురు మారడమో, మైదానపు వేడిగాలో కారణమై ఉంటుంది. ప్రతి పది షాట్లకూ సమయం, ఎండ, గాలి నోటుపుస్తకంలో రాసుకోండి.

తడిగుడ్డ మీ రైఫిల్‌కు అవసరం లేదు. నీరు బోల్టులోకీ ట్రిగ్గరులోకీ దిగితే ప్రమాదం, ఉక్కుకు తుప్పు. విరామంలో బోల్టు తెరిచి, ఛాంబరు ఖాళీగా ఉందని కంటితో చూసి, బారెల్ నిటారుగా ఉండేలా స్టాండుకు ఆనించి నీడలో పదిహేను నిమిషాలు ఉంచితే, లోపలి వేడిగాలి పొగగొట్టంలోలా పైకి వెళ్లి కిందనుంచి చల్లగాలి వస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుశాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో అర్హత దశకు 60 షాట్లే. కాబట్టి మీ 120ని ఒకేసారి కాకుండా, ఎండ ముదరకముందే 60, సాయంత్రం 60గా విడదీస్తే నేర్చుకోవడానికీ మేలు.

ప్రశ్న: కడపలో మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. దానికీ బారెల్ వేడి సమస్య ఉంటుందా?
(ఒక తల్లి, కడప)

జవాబు: ఉండదమ్మా. అందులో మండేది ఏమీ లేదు. ఒత్తిడిలో ఉన్న గాలి వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. మీరు జాగ్రత్త పడవలసింది గాలి సిలిండరు విషయంలో. 25 డిగ్రీల వద్ద 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలమానం) వరకు నింపిన సిలిండరు 50 డిగ్రీలకు చేరితే ఒత్తిడి సుమారు 217కు పెరుగుతుంది. దానిని ఎండలో నిలిపిన కారులో వదలకండి. దాని మీద ముద్రించిన గడువు తేదీని కూడా చూసి, అది దాటితే వాడకండి.