నిమ్మగడ్డి నూనె మసకగా ఉంటే కల్తీయేనా?

అన్నా, బొబ్బిలిలో మీరు తీసిన నిమ్మగడ్డి నూనె మసకగా ఉందని, కొనేవాళ్లు కల్తీ అంటున్నారని రాశారు. ముందు నీటిని అనుమానించండి. రాత్రంతా కదపకుండా ఉంచి అడుగు నీరు వదిలేయండి. లీటరుకు 20–30 గ్రాముల నీరులేని సోడియం సల్ఫేట్ (నీటిని పీల్చుకునే పొడి) వేసి, అప్పుడప్పుడు ఊపుతూ కొన్ని గంటలాగి వడకట్టండి. పొడి ముద్దకట్టి అడుక్కి అతుక్కుంటే నీరింకా ఉన్నట్టే, మరికాస్త వేయాలి. ఇసుకలా విడిగా జారితే చాలు.

కల్తీ మాటకొస్తే, తెల్లకాగితంపై చుక్క వేసి మర్నాడు చూడండి. జిడ్డు మరక మిగిలితే వంటనూనె లాంటిది కలిసిందని అనుమానించాలి. కాగితంపై లేత పసుపు ఛాయ మాత్రమే ఉంటే కంగారొద్దు. ధర తేల్చేది సిట్రాల్, అంటే నూనెకి నిమ్మవాసన ఇచ్చే పదార్థం. మంచి సరుకులో 70–80 శాతం ఉంటుంది. అదే బ్యాచ్‌కి గ్యాస్ క్రోమటోగ్రఫీ (నూనెలో ఏది ఎంతుందో చూపే ల్యాబ్ పరీక్ష) రిపోర్టు తీయించండి. మామూలు ప్లాస్టిక్ క్యాను వద్దే వద్దు, నూనె దాన్ని తినేస్తుంది. అల్యూమినియం డబ్బాలో నిండుగా పోసి నీడన పెట్టండి. గాలి తగిలితే సిట్రాల్ తగ్గిపోతుంది.