చివరి ల్యాపులో పెట్రోలు అయిపోతే

ప్రశ్న: అమెరికా నాస్కార్ పోటీల్లో రేసంతా ముందున్న కారు ఆఖర్న పెట్రోలు అయిపోయి ఆగిపోతుంది. నిదానంగా నడిపి పెట్రోలు మిగుల్చుకున్నవాడు కప్పు పట్టుకుపోతాడు. దీన్ని రేసు అనొచ్చా? అదృష్టమే కదా?

జవాబు: రేసేనండీ. నా మటుకు నాకు ఈ పోటీల్లో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

2011 నాటి కార్ల ట్యాంకులో పట్టేది దాదాపు 18 గ్యాలన్లు, అంటే సుమారు 68 లీటర్లు. రేసు వేగంలో గ్యాలనుకు నాలుగైదు మైళ్లే వస్తుంది. ఒకటిన్నర మైలు ట్రాకు మీద ల్యాపుకు, అంటే ట్రాకు చుట్టూ ఒక్క రౌండుకు, లీటరు పైనే ఖర్చు. రేసు జోరు మీదుండగా పెట్రోలు పోయించుకోవడానికి ట్రాకు పక్కనుండే పిట్‌లోకి వెళ్లొస్తే మిగతావాళ్లు దాదాపు ఒక ల్యాపు ముందుకు పోతారు. అందుకే ఆఖరిసారి పిట్‌కు వెళ్లకుండా నెట్టుకురాగలిగితే ఎక్కడో వెనకున్న కారు కూడా ముందుకొచ్చేస్తుంది.

నెట్టుకురావడం మీరనుకున్నంత తేలిక కాదు. తిన్నని దారి చివర, వేగం బాగా హెచ్చినచోట, పెట్రోలు చాలావరకు గాలిని చీల్చడానికే పోతుంది. మలుపుకు ఇంకా దూరం ఉండగానే అక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కారును దాని ఊపుకు వదలాలి. ముందు కారుకు అంటుకుని నడిస్తే గాలి దెబ్బ తగ్గుతుంది. ట్రాకు మీద ప్రమాదం జరిగి పసుపు జెండా పడి, అందరూ దారి చూపే పేస్ కారు వెనక మెల్లగా తిరిగేటప్పుడు కొందరు ఇంజనే ఆపేసి దొర్లిస్తారు. ఇదంతా చేస్తూ వెనకవాడికి సందివ్వకూడదు. అడుగంటా తొక్కి నడపడం కన్నా ఇదే కష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

డ్రైవరు టోనీ స్టివార్ట్‌నే తీసుకోండి. 2010 సెప్టెంబరులో న్యూహ్యాంప్‌షైర్ ట్రాకు మీద ముందుండి, చివరి ల్యాపులో పెట్రోలు అయిపోయి ఓడాడు. గెలిచింది క్లింట్ బోయర్. సరిగ్గా ఏడాదికి అదే ట్రాకు మీద ముందున్న బోయర్‌కు చివరి రెండు ల్యాపుల దగ్గర పెట్రోలు అయిపోయింది, స్టివార్ట్ గెలిచాడు. ఆ సీజను ముగిసేసరికి స్టివార్ట్, కార్ల్ ఎడ్వర్డ్స్ ఇద్దరికీ 2403 పాయింట్లే. ఎడ్వర్డ్స్ ఒక్క రేసు గెలిస్తే తను ఐదు గెలిచినందుకు టైటిల్ స్టివార్ట్‌కు దక్కింది. ఆ ఐదింటిలో న్యూహ్యాంప్‌షైర్ ఒకటి.

అదృష్టం అసలే లేదనను. అదే ఏడాది మే నెలలో షార్లెట్‌లో 400 ల్యాపుల రేసు. ఆఖర్లో పసుపు జెండా పడటంతో నియమం ప్రకారం 402 ల్యాపులకు సాగింది. ముందున్న డేల్ అర్న్‌హార్ట్ జూనియర్ కారు చివరి మలుపులో ఎండిపోయింది. కెవిన్ హార్విక్ గెలిచాడు, జూనియర్ ఏడో స్థానంలో మిగిలాడు. 2008 జూన్‌లో మిషిగన్‌లో ఇదే పెట్రోలు లెక్కతో గెలిచాక అప్పటిదాకా జూనియర్‌కు మళ్లీ గెలుపు లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రశ్న: డ్రైవరుకు మీటరు కనిపించదా?

జవాబు: ట్యాంకులో ఎంతుందో చూపే ముల్లు ఆ కార్లలో ఉండదు. పిట్‌లో పెట్రోలు పోశాక డబ్బాలో మిగిలినదాన్ని జట్టు వాళ్లు తూకం వేసి, లోపలికి ఎంత వెళ్లిందో తేల్చి, ల్యాపుల లెక్క కడతారు. ఇంకా ఎంత ఆదా చేయాలో జట్టు పెద్ద, అంటే క్రూ చీఫ్, రేడియోలో చెబుతాడు. ఇంధన పీడనం పడిపోతుంటే డ్రైవరుకే తెలుస్తుంది, కానీ అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.